బొటనవేలు పట్టుకున్న చిన్న పంతులమ్మలు

1961 నవంబరు. బోధన్‌కు రుద్రూరుకు నడుమ ఒక ఊళ్లో, ఏడో తరగతి వరకు ఉన్న బడిలో నేను లెక్కల మాస్టరును. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు, ఎనిమిదేళ్ల సర్వీసు, ముక్కు మీద కోపం, చేతిలో చింతబరికె. మాక్లూర్ వైపు పసుపు రైతుల ఇంట్లో పుట్టినవాణ్ని కాబట్టి చెరుకు సంగతులు ఆ ఊరికి వచ్చాకే తెలిశాయి.

నవంబరు వచ్చిందంటే ఫ్యాక్టరీలో క్రషింగ్ సీజన్, అంటే చెరుకు ఆడే కాలం. పర్చీ అందిన రైతు వెంటనే చెరుకు నరికి బండి కట్టాలి. పర్చీ అంటే ఫలానా రోజు నీ చెరుకు తెమ్మని ఫ్యాక్టరీ పంపే చీటీ. తూకం వేసే కాంటా దగ్గర బండ్ల వరస కనుచూపు మేర ఉండేది. గడలు మోయడానికి ఒక పిల్లవాడు, ఎడ్లకు నీళ్లు పెట్టడానికి ఇంకో పిల్ల, వరసలో బండి మీద కూర్చోవడానికి మరొకరు. మార్చిలో వాళ్లు బడికి తిరిగి వచ్చేసరికి మా పాఠాలు ఎక్కడికో వెళ్లిపోయేవి. వచ్చిన నెలకే పరీక్ష.

ఆ ఏడు మా హెడ్మాస్టరు హబీబ్ సాబ్ ఒక ఉపాయం చెప్పారు. బాగా చదివే పిల్లలను వెనకబడిన పిల్లలతో జోడి కట్టి, సాయంత్రం బడి విడిచాక ఒక గంట చెప్పించాలి. ఇప్పుడు దీన్ని పీర్ ట్యూటరింగ్ అంటున్నారు. మేం జోడి అన్నాం. ఊళ్లో ఎడ్లను కట్టేది కూడా జోడే కాబట్టి పిల్లలకు వేరే వివరించే పని లేకపోయింది. ఎవరిని తీసుకోవాలో తేల్చే బాధ్యత నాకిచ్చారు. నేను బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను: ‘జోడికి చెప్పేవారు ఏడో తరగతి వారై ఉండవలెను. పదమూడేళ్లు నిండవలెను.’ రూలు రాయడమంటే నాకు అప్పట్లో భోజనం చేసినంత తృప్తి.

మర్నాడు ఆరుగురు ఏడో తరగతి మగపిల్లలు పేర్లిచ్చారు. వాళ్ల వెనక, వాళ్ల మోచేతుల కింద నుంచి దూరి, ఇద్దరు ఆడపిల్లలు ముందుకొచ్చారు. నాలుగో తరగతి. ఒకతె సాయమ్మ, వరి రైతు కూతురు, గిత్తలాంటి పిల్ల. రెండోది ఎస్తేరు, చర్చి పక్కింటి పిల్ల, మాట్లాడే ముందు ఎదుటివాళ్ల ముఖం చూసుకునే రకం. పలక మీద అర్జీ రాసి తెచ్చారు. కాగితం మీద రాయొచ్చు కదా అంటే, “మీరు తప్పులు సూపిస్తె తుడుసుకోనీకి అల్కగ ఉంటది సార్” అంది సాయమ్మ.

“మీకు తొమ్మిదేళ్లు. పాలపళ్లన్నా ఊడినయా?” అన్నాను.

సాయమ్మ నోరు తెరిచి చూపించింది. “రెండు ఊడినయ్ సార్. ఇంకోటి ఊగుతున్నది.”

పెద్ద పిల్లలు పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది. బోర్డు చూపించి, “చదువు. ఎన్నేళ్లు నిండాలని ఉంది?” అన్నాను.

“పదమూడు సార్.”

“మరి?”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎస్తేరు మెల్లగా, “ఆగుతం సార్” అంది. వెళ్లి వరండాలో కిటికీ కింద కూర్చున్నారు. ఆ సాయంత్రమే కాదు, మర్నాడూ, ఆ మర్నాడూ జోడి గంటకు వచ్చి అక్కడే కూర్చున్నారు. నాలుగేళ్లు అట్లాగే కూర్చుంటారేమోనని నాకు నిజంగానే భయమేసింది.

ఇక రాజవ్వ సంగతి. ఏడో తరగతిలో అప్పటికి రెండుసార్లు తప్పింది, రెండుసార్లూ లెక్కల్లోనే. పద్నాలుగేళ్లు. వాళ్ల అవ్వకు జబ్బు చేసినప్పుడు మిషన్ ఆసుపత్రిలో నెల రోజులు తోడుంది. అక్కడి నర్సమ్మను చూసి తనూ నర్సు కావాలనుకుంది. ఏడు పాసైతే పని నేర్పే క్లాసులో చేర్చుకుంటామని అక్కడివాళ్లు చెప్పారట. తండ్రి బాలయ్యకు నాలుగెకరాల చెరుకు. ఆయన బడికి వచ్చి నాతో సూటిగా చెప్పాడు.

“సారూ, ఈసారి తప్పిందంటే బడి బంద్. ఇంటికాడ పని ఎవలు జెయ్యాలె? నేను చెడ్డోన్ని గాదు, మూడేండ్లు సూసిన. ఇగ మీ ఇష్టం, దాని నసీబు.”

రాజవ్వ గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. ఏడవలేదు. కాలి బొటనవేలితో నేల గీస్తూ ఉండిపోయింది.

పేర్లిచ్చిన ఆరుగురిలో విఠల్ మా బడి మొత్తానికి చదువులో మొనగాడు. అతనికే రాజవ్వను, ఇంకో నలుగురిని అప్పగించాను. పది రోజుల తర్వాత పరీక్ష పెట్టాను. అప్పుడే కొత్త తూకాలు వస్తున్న కాలం. సేర్లూ ఛటాకులూ పోయి కిలోలు, మణుగులు పోయి క్వింటాళ్లు. కాంటా చీటీ మీద కూడా క్వింటాళ్లే, మధ్యలో ఒక చుక్క. పాస్ కావాలంటే ఆ చుక్క లెక్కలు రావాలి. నేనిచ్చిన మొదటి లెక్క ఇది: ఒక బండిలో 12.7 క్వింటాళ్లు, ఇంకో బండిలో 3.6, మొత్తం ఎంత?

ఐదుగురూ 15.13 అని రాశారు, పుస్తకంలో జవాబేమో 16.3. ఒకరిది చూసి ఒకరు రాశారేమోనని ఐదుగురినీ బరికెతో పలకరించాను. తర్వాత విఠల్‌ను చేయమన్నాను. అతనూ 15.13 అన్నాడు. బోర్డు దగ్గరికి వెళ్లి, “ఇదిగో, ఇట్లా చేయాలిరా గాడిదల్లారా” అని ఇంకో లెక్క వేశాను. 8.9, 4.5. కూడి, కింద గీత గీసి, జవాబు రాసి, సుద్దముక్క బల్ల మీద కొట్టాను.

కిటికీలోంచి సాయమ్మ గొంతు వచ్చింది. “సార్, మీది గూడ తప్పే.”

నేను బోర్డు వైపు తిరిగాను. 12.14 అని రాసి ఉంది, నా చేతిరాతతోనే. 13.4 ఉండాలి. లెక్కల మాస్టరుకు భూమి చీలితే దిగిపోవాలనిపించే క్షణాలు ఉంటాయని ఎవరూ చెప్పరు. ఉంటాయి.

“ఎట్లా తెలిసింది నీకు?” అన్నాను.

“మీ బొటనవేలు సూసిన సార్. వేళ్ల మీద ఉరుకుతుండె.”

అప్పుడు నా చేతిని నేను చూసుకున్నాను. మా తరం వాళ్లం ఒక్క చేత్తో పదహారు దాకా లెక్కిస్తాం. ఒక్కో వేలికి మూడు గీతలు, పైన కొన, మొత్తం నాలుగు. నాలుగు వేళ్లకు పదహారు. బొటనవేలు వాటి మీద నడుస్తుంది. సేరుకు పదహారు ఛటాకులు, రూపాయికి పదహారు అణాలు, అందుకే ఆ చెయ్యి. పూర్తి అంకెలు కూడేటప్పుడు ఎవరమూ తప్పు చేయం. కానీ చుక్క కనిపించగానే, దాని అవతల ఉన్నవి చిల్లర ఛటాకులని చెయ్యి తనంతట తాను అనుకుంటుంది. తొమ్మిది, ఐదు, పద్నాలుగు. పదహారు కాలేదు కాబట్టి పక్కకు ఏమీ జరపదు. విఠల్‌కూ రాజవ్వకూ రెండో తరగతిలో ఆ చెయ్యి నేర్పింది ఎవరు? నేనే. సాయమ్మ తరగతికి కొత్త పుస్తకం వచ్చింది, అందులో అన్నీ పదులే. పుస్తకం చూసి చెప్పినప్పుడు పది నేర్పాను, చూడకుండా చెప్పినప్పుడు పదహారు నేర్పాను. బడిలో పదహారు సోకని చేతులు చిన్నపిల్లలవే.

ఆ సాయంత్రం హబీబ్ సాబ్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. “మాస్టర్ సాబ్, పరేషాన్ ఎందుకు? ఆ పోరిలను తీసుకోండ్రి.”

“తొమ్మిదేళ్ల పిల్లలండీ. తమకు రావడం వేరు, ఇంకొకరికి చెప్పడం వేరు. పైగా పద్నాలుగేళ్ల పిల్ల వాళ్ల ముందు కూర్చుంటుందా? సిగ్గుపడి బడే మానేస్తే? ఉన్న ఒక్క సంవత్సరం కూడా పోతుంది.”

“గదైతే నన్నెందుకు అడుగుతరు? రాజవ్వను అడుగుండ్రి.”

ఈ ఆలోచన నాకు అసలు రాలేదు. మర్నాడు రాజవ్వను పిలిచి అడిగాను. పైట కొన నలుపుతూ అంది:

“సార్, గంత చిన్నదాని ముంగట తప్పు జేస్తె సిగ్గే. గని మీ ముంగట తప్పు జేస్తె భయం. భయం కంటె సిగ్గే నయం సార్.”

ఎనిమిదేళ్ల సర్వీసులో నా గురించి ఎవరూ అంత మర్యాదగా, అంత గట్టిగా చెప్పలేదు. మనసులో గుచ్చుకుంది. అయినా పిల్లలను పరీక్షించకుండా తీసుకోదలచలేదు. ఇద్దరినీ పిలిచి, నా చెయ్యి చాపి, “నేను రాజవ్వను అనుకోండి. చెప్పండి” అన్నాను. సాయమ్మ గడగడా నాలుగు లెక్కలు చేసి చూపించింది. నాకు ఒక్క ముక్క అందనట్టు ముఖం పెట్టి, “ఊ, ఊ” అంటూ కూర్చున్నాను. ఎస్తేరు సాయమ్మ మోచెయ్యి లాగింది.

“ఆగవే. సారు ఊ అంటుండు గని, సారుకు తెల్వలె.”

“ఎట్లా చెప్పగలవు?” అన్నాను.

“తెలిసినోళ్లు ఊ అనరు సార్, ఓహో అంటరు. మా అమ్మ చర్చిల ఆదివారం బడి చెప్పెటప్పుడు గిట్లనే కనిపెడ్తది.” ఆ పిల్ల చొరవగా నా బొటనవేలిని తన పిడికిట్లో పట్టేసుకుంది. “ఇప్పుడు చెప్పుండ్రి సార్. తొమ్మిది, అయిదు.”

బొటనవేలు దొరకని చెయ్యి దిక్కు తెలియక ఆగిపోయింది. తలతో ఆలోచించక తప్పలేదు. పద్నాలుగు. అందులో పది పోతే నాలుగు. “ఓహో” అన్నాను, నాకు తెలియకుండానే. ఇద్దరూ చప్పట్లు కొట్టారు. వెళ్లి బోర్డు మీది రూలు నేనే తుడిచేశాను.

బాలయ్యకు సంగతి తెలిసి బడి ముందు నిలబడి గొడవపడ్డాడు. కొత్త కోడెను ఎప్పుడూ పని తెలిసిన ఎద్దుతో జోడి కడతారు, ఎద్దు నడిచిన దారిలో కోడె నేర్చుకుంటుంది. “కోడెను జూసి ఎద్దు నడుస్తదా సారూ? ఎక్కడన్న ఉన్నదా?” అన్నాడు. ఎద్దుకు తెలిసిన దారి మారిపోయిందని చెప్పాను. ఆయనకు నమ్మకం కుదరలేదు. “నెల దినాలు సూస్త” అని వెళ్లిపోయాడు.

మొదటి వారం బాగా నడిచింది. రాజవ్వ బొటనవేలికి ఎస్తేరు పాత గుడ్డపీలిక చుట్టి, అరచేతిలోకి మడిచి కట్టేది. “రాజక్కా, నొస్తుందా?” అని ప్రతిరోజూ అడిగేది. మిగతా నలుగురూ తమకూ కట్టమని వచ్చారు. విఠల్ రెండు రోజులు బిగుసుకుని కూర్చుని, మూడో రోజు తనే పీలిక తెచ్చుకున్నాడు. సాయంత్రం మా బడి చూస్తే కట్లు కట్టిన ఆసుపత్రిలా ఉండేది.

ఎనిమిదో రోజు నేను ఆ గదికి వెళ్తుంటే లోపల నా గొంతు వినిపించింది. నేను బయట ఉన్నాను, గొంతు లోపల. “దిమాగ్ ఉన్నదా? తలకాయల మట్టి ఉన్నదా?” సాయమ్మ నడుం మీద ఒక చెయ్యి పెట్టి, అచ్చం నాలాగే మడమల మీద లేచి, నా చింతబరికెతో రాజవ్వ వేళ్ల మీద కొట్టింది. గట్టిగా ఏమీ కాదు. కానీ రాజవ్వ పలక కింద పెట్టి, పీలిక విప్పేసి, నా పక్క నుంచే బయటికి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

సాయమ్మను తిట్టడానికి నాకు నోరు రాలేదు. తిట్టు నాదే, బరికె నాదే, ఆ నిలబడే తీరూ నాదే. మూడో రోజు ఆదివారం. సాయమ్మా ఎస్తేరూ మా ఇంటికి వచ్చారు. సాయమ్మ ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా చేసుకుంది.

“రాజక్క బండికాడ ఉన్నదంట సార్, కాంటా లైన్ల. మీరు తోలుకపోతరా?”

సైకిలు మీద ముందొకతెను, వెనకొకతెను కూర్చోబెట్టుకుని వెళ్లాను. పొద్దున పది గంటల ఎండ. బండ్ల వరస పొడుగునా చెరుకు ఆకు వాసన, ఎడ్ల మెడగంటలు, మధ్య మధ్య మరాఠీలో ముచ్చట్లు పెట్టుకుంటున్న కూలీలు. బాలయ్య బండి మధ్యలో ఉంది. రాజవ్వ గడల మీద కూర్చుని మమ్మల్ని చూసి ముఖం తిప్పుకుంది. సాయమ్మ బండి చక్రం ఆకుల మీద కాలు పెట్టి పైకెక్కింది. తన బొటనవేలు మడిచి, పిడికిలి ముందుకు చాపింది.

“రాజక్కా, నువ్వు గూడ నన్ను కొట్టు. ఇగ ఎన్నడు కొట్ట. సారు బరికె కాల్వల పారేసిన.”

ఆ బరికె మూడు రోజులుగా కనబడకపోవడానికి కారణం నాకు అక్కడ తెలిసింది. రాజవ్వ పెదవి బిగబట్టింది, బిగబట్టింది, ఇక ఆపుకోలేక నవ్వేసింది. నేనూ నవ్వాను. ఆ బరికె స్థానంలో ఇంకోటి మళ్లీ ఎప్పుడూ కోసుకోలేదు.

ఆ రోజు పాఠం బండి మీదే. పలక తేవడం మరిచిపోయారు. రాజవ్వే బాలయ్య కొడవలితో చెరుకు ముక్కలు నరికింది. ఒక పక్క తొమ్మిది, ఒక పక్క ఐదు. కలిపి, పది ముక్కలను ఆకుతో కట్ట కట్టి అవతల పెట్టాలి, అది ఒక క్వింటాలు. మిగిలినవి చుక్క తర్వాతివి. వాటిని ఏం చేయాలి? తినేయాలి. సాయమ్మ పెట్టిన రూలు అది. పది కాని ముక్కలన్నీ తినేయడమే. పక్క బండ్ల వాళ్లు దిగి వచ్చి చుట్టూ మూగారు. ఒక ముసలాయన తన పాత కాంటా చీటీలు రెండు తీసి, ఈ చుక్క ఏందో చెప్పమని రాజవ్వకే ఇచ్చాడు. ఆమె బొటనవేలు లోపలికి మడుచుకుని, రెండు చీటీలూ కూడి, తడుముకోకుండా చెప్పింది. ఎస్తేరు నా వైపు చూసి కళ్లతోనే నవ్వింది.

“నా బండిల గడలన్నీ మీ లెక్కలకే ఒడిసేటట్టున్నయ్” అని బాలయ్య అరిచాడు. కానీ ఇంకో గడ ఆయనే లాగి ఇచ్చాడు. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం. ఆ చలికాలమంతా, ఎవరి బండి వరసలో ఉంటే వాళ్ల దగ్గరికి ఆదివారం బడి నడిచి వెళ్లేది. నేను సైకిలు తొక్కేవాణ్ని, పాఠం వాళ్లు చెప్పేవాళ్లు.

ఏప్రిల్‌లో పరీక్ష, తర్వాత ఫలితాలు. హబీబ్ సాబ్ జాబితా పట్టుకుని చదువుతుంటే రాజవ్వ స్తంభం వెనక నిలబడింది, ఒక్కో చేత్తో ఒక్కో చిన్న పంతులమ్మను పట్టుకుని. పేరు వినగానే ముగ్గురూ ఒక్కసారి ఎగిరారు. సాయమ్మ ఊగుతున్న పన్ను ఆ గెంతులో ఊడి కింద పడింది. అందరూ మోకాళ్ల మీద కూర్చుని దుమ్ములో ఆ పన్ను వెతికారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, పన్ను వెతికే నెపంతో నేనూ కిందికి వంగాను.

సాయంత్రం బాలయ్య పొలంలో నిలిచిపోయిన చెరుకు ఒక కట్ట భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు. “కోడెలే గెలిసినయ్ సారూ” అన్నాడు. నేను కట్ట విప్పి లెక్కపెడుతుంటే గుమ్మంలోంచి సాయమ్మ కేక వేసింది: “సార్, బొటనవేలు!” చూసుకుంటే మళ్లీ వేళ్ల మీద ఉరుకుతోంది. కట్టలో సరిగ్గా పది గడలున్నాయి.

నాలుగేళ్ల తర్వాత ఒక రోజు ఇద్దరూ మళ్లీ పలక పట్టుకుని వచ్చారు. ‘మాకు పదమూడేళ్లు నిండినవి. ఇప్పుడైనా తీసుకోగలరు’ అని రాసి ఉంది. అప్పటికి నేను మూడో తరగతి వాళ్లను కూడా జోడికి తీసుకుంటున్నాను. పేరివ్వడానికి వచ్చిన పిల్లల వయసు అడగడం మానేశాను. రెండే చూసేవాణ్ని: ఎదుటివాళ్లకు అర్థం కాలేదని కనిపెట్టగలరా, తాము తప్పు చేస్తే వెళ్లి ఒప్పుకోగలరా. తమకు తెలిసినదాన్ని మరిచిపోవాల్సిన పని లేకపోవడం కూడా ఒక అర్హతేనని ఆ ఇద్దరి దగ్గరే నేర్చుకున్నాను.

1973లో నాకు విడవని జ్వరం పట్టుకుంటే నిజామాబాద్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లారు. రక్తం తీయడానికి ఒక నర్సమ్మ వచ్చింది. ఒంట్లో శక్తి లేక కళ్లు మూసుకునే చెయ్యి చాపాను. ఆమె మోచేతి పైన రబ్బరు గొట్టం బిగించి, నా బొటనవేలిని మెల్లగా అరచేతిలోకి మడిచింది.

“పిడికిలి పట్టుండ్రి సార్. బొటనవేలు లోపలికే ఉండాలె, ఎరికె గద” అంది.

కళ్లు తెరిచి చూసి, “ఓహో” అన్నాను.